పెరటిలో అడ్డసరం – కొమ్మతో పెంచుకొనే విధానం

వర్షఋతువు ప్రవేశించగానే మా చుండూరులో వైద్యుని వాకిలి నిండిపోతుంది. పశ్చిమ డెల్టా కాలువలకు నీరు వస్తుంది, వరినాట్లు మొదలవుతాయి, ఇంటి గోడలు చెమ్మగిల్లుతాయి. ఆ వెనుకనే ఇంటింటా పడిశము, దగ్గు, ఆయాసము. నలభై ఏళ్ళుగా ఇదే చూస్తున్నాను. మారినది ఒక్కటే. పూర్వం దగ్గుతో వచ్చిన వారికి "అడ్డసరపాకు రసం తేనెతో పుచ్చుకోండి" అని చెబితే సరిపోయేది. ఇంటికి వెళ్ళి, దొడ్డిలో నాలుగాకులు కోసుకొనేవారు. ఇప్పుడు అదే మాట చెబితే, "ఆ ఆకు ఎక్కడ దొరుకుతుందండీ?" అని ఎదురు ప్రశ్న వేస్తున్నారు. దొడ్లు తగ్గాయి. ఉన్న దొడ్లకు సిమెంటు వచ్చింది. కంచెలుగా ఉండిన అడ్డసరపు పొదల స్థానంలో ప్రహరీ గోడలు లేచాయి.

కిందటి సంవత్సరం శ్రావణమాసంలో ఒక ఇల్లాలు ఎనిమిదేళ్ళ కుమారుని వెంటబెట్టుకొని వచ్చింది. "మీరు ఎప్పుడో చెప్పిన అడ్డసరం కొని తెచ్చి రెండు రోజులుగా రసం పడుతున్నానండీ. దగ్గు తగ్గలేదు సరికదా, వాంతులు పట్టుకున్నాయి" అన్నది. "ఆకు తెచ్చావా అమ్మా?" అని అడిగాను. సంచిలో నుండి తీసి చూపింది. అది అడ్డసరం కానే కాదు, పెద్దమాను ఆకు. అమ్మినవాడు అడ్డసరమన్నాడు, ఆమె నమ్మింది. ఆమె తప్పేమున్నది? తాను పెంచని చెట్టును ఎవరు మాత్రం ఎలా గుర్తుపడతారు? రసం మాన్పించి తగిన ఉపచారం చేయగా పిల్లవాడు కోలుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఆమె చేతికి మా పెరటిలోని అడ్డసరపు కొమ్మలు మూడు కోసి యిచ్చి, నాటే పద్ధతి చెప్పి పంపాను. ఆ చెప్పినదే ఇప్పుడు పాఠకుల కోసం వివరంగా వ్రాస్తున్నాను.

పేర్లు – గుణములు

అడ్డసరాన్ని సంస్కృతంలో వాస, వాసక, ఆటరూషక, వృష అంటారు. పువ్వు నోరు తెరచిన సింహం వలె ఉంటుంది గనుక సింహాస్య అనే పేరు కూడా కలదు. తమిళులు దీనిని ఆడాతోడై అంటారు, మేక ముట్టనిది అని అర్థం. ఆ పేరునే తీసుకొని లిన్నేయస్ అనే శాస్త్రజ్ఞుడు 1753లో దీనికి జస్టీషియా అధతోడ అని వృక్షశాస్త్ర నామం ఉంచాడు.

రుచిలో చేదు, వగరు. గుణంలో లఘువు. శీతవీర్యము, కటువిపాకము. కఫాన్ని, పిత్తాన్ని హరిస్తుంది. కాస, శ్వాస, రక్తపిత్త రోగాలలో మన గ్రంథాలు దీనికి పెద్దపీట వేశాయి. వాసావలేహ్యము, వాసారిష్టము, వాసాఘృతము దీనితో తయారయ్యేవే. ఆధునికులు కూడా దీనిని విస్మరించలేదు. ఈ ఆకులోని వాసిసిన్ అనే క్షారాన్ని ఆధారం చేసుకొని రూపొందించిన బ్రోమ్‌హెక్సిన్ అనే మందు నేడు అనేక దగ్గు సిరప్పులలో ఉన్నది. చిక్కబడిన శ్లేష్మాన్ని పలుచన చేసి వెలికి తేవడం దాని పని. మన పెద్దలు కఫ విలయనమని చెప్పినదీ ఇదే.

గుర్తుపట్టే విధము

కొమ్మ కోసే ముందు చెట్టును రూఢి చేసుకోవడం అన్నిటికంటె ముఖ్యం. అడ్డసరం ఏడాది పొడుగునా ఆకుపచ్చగా నిలిచే గుబురు పొద. మనిషి ఎత్తు, ఒక్కొక్కచోట అంతకు మించి పెరుగుతుంది. ఈ కింది గుర్తులన్నీ కలిస్తేనే అడ్డసరమని నిర్ణయించండి.

ఆకులు కణుపు కణుపునా ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. ఒక్కొక్క ఆకు జానెడుకు కొంచెం అటూ ఇటూగా ఉండి, రెండు కొసలూ సన్నగిల్లి బల్లెపు మొన వలె ఉంటుంది. అంచున రంపపు పళ్ళు ఉండవు. లేత కొమ్మపై కణుపుల వద్ద కొంచెం ఉబ్బు కనిపిస్తుంది. ఆకు నలిపితే ఒక విధమైన ఘాటు వాసన వస్తుంది, నాలుకపై పెడితే గట్టి చేదు. పువ్వులు చలికాలం నుండి వేసవి ఆరంభం వరకు కంకులుగా వస్తాయి. తెల్లని పువ్వు, రెండు పెదవులు, లోపల ఊదా చారలు.

పెద్దమాను ఇందుకు భిన్నం. అది ఎత్తుగా ఎదిగే వృక్షం. ఒకే ఈనెకు రెండు వైపులా వేపాకు వలె అనేక చిట్టి ఆకులుంటాయి, అంచులు ముతక రంపపు పళ్ళతో ఉంటాయి. రెబ్బలు తుంచి అమ్మినప్పుడు ఈ భేదం తెలియదు, ఎండబెట్టి పొడి చేస్తే అసలే తెలియదు. కాబట్టే ఇంట చెట్టు ఉండాలని చెప్పడం.

తుపాను నేర్పిన పాఠము

నాకు కొమ్మ నాటడం పుస్తకం చూసి వచ్చినది కాదు. నేను గురువుగారి ఇంట ఉండి విద్య నేర్చుకొంటున్న కాలంలో, 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన పెనుతుపాను వచ్చింది. సముద్రపు ఉప్పెన మా ప్రాంతం దాకా రాలేదు గాని, గాలివాన మాత్రం మమ్మల్ని విడిచిపెట్టలేదు. గురువుగారి దొడ్డిలో ముప్పై ఏళ్ళ నాటి అడ్డసరపు పొద వేళ్ళతో సహా ఒరిగిపోయి, నిలిచిన నీటిలో నాలుగు రోజులు నానింది. ఊళ్ళో పైకప్పు లేని ఇళ్ళలో తడిసిన జనానికి దగ్గులు, జ్వరాలు. ఆకు కావలసిన సమయానికి చెట్టు లేదు.

గురువుగారు ఒరిగిన పొదను చూసి ఒక్క మాటే అన్నారు: "నాయనా, చెట్టు పోయింది గాని కొమ్మలింకా పచ్చిగా ఉన్నాయి. కత్తి తీసుకురా." ఇద్దరం కలిసి నలభై ముక్కలు కోశాము. సగం నన్ను నాటమన్నారు, సగం తాము నాటారు. నేను దొడ్డి మధ్యలో మంచి నల్లరేగడి మన్ను చూసి, అక్కడ నాటి, భక్తిగా పూటకొక చెంబు నీరు పోశాను. గురువుగారు గోడ వారగా ఇసుక, చివికిన ఎరువు కలిపి జానెడు ఎత్తున కట్ట పోయించి, అందులో నాటారు. రోజు విడిచి రోజు నీరు చిలకరించేవారు.

నా ముక్కలు పదిరోజులలో చిగిర్చాయి. గర్వపడ్డాను. మూడో వారానికి ఆ చిగుళ్ళు వాడిపోయాయి. ఒకటి పెరికి చూస్తే కింది భాగం నల్లబడి, కుళ్ళి, మెత్తగా ఉన్నది. ఒక్క వేరూ లేదు. ఇరవైలో రెండే బ్రతికాయి. గురువుగారి కట్టపై పదిహేను నిలిచాయి. అప్పుడాయన నన్ను కోప్పడలేదు. "వేరు లేనివాడికి నువ్వు విందు భోజనం పెట్టావురా. వాడికి కావలసినది ఊపిరి" అన్నారు.

ఆ మాటలోనే శాస్త్రమంతా ఉన్నది. కొమ్మకు కోసిన చోట మొదట గాయం మానాలి, తరువాత అక్కడ నుండి వేళ్ళు పుట్టాలి. ఈ రెంటికీ గాలి కావాలి. మన డెల్టా రేగడి సన్నని రేణువులు గల మన్ను. నీరు పడితే ఆ సందులన్నీ నిండి గాలికి చోటుండదు. కోసిన మొదలు ఊపిరాడక కుళ్ళుతుంది. ముందుగా వచ్చే చిగురు వేళ్ళ వల్ల వచ్చినది కాదు, కొమ్మలో నిలువ ఉన్న సారం వల్ల వచ్చినది. దానిని చూసి మోసపోరాదు. మన ప్రాంతంలో నాటిన కొమ్మలు ఎక్కువగా చనిపోయేది నీరు చాలక కాదు, నీరు ఎక్కువై.

కొమ్మ నాటే విధానము

కాలము: తొలకరి పడిన తరువాత ఆషాఢ, శ్రావణ మాసాలు శ్రేష్ఠం. గాలిలో తేమ ఉంటుంది గనుక ఆకు వాడదు. పూత ముగిసిన తరువాత పొదను కత్తిరించినప్పుడు వచ్చే కొమ్మలను కూడా నీడన నాటుకోవచ్చు. మండు వేసవిలో నాటవద్దు.

కొమ్మ ఎంపిక: మరీ లేతది కుళ్ళుతుంది, మరీ ముదురుది ఆలస్యం చేస్తుంది. వంచితే కొంచెం వంగి, ఇంకా వంచితే పటుక్కుమనే నడిముదురు కొమ్మ కావాలి. లావు పెన్సిలంత. పొడవు ఆరు నుండి ఎనిమిది అంగుళాలు. మూడు నాలుగు కణుపులు తప్పక ఉండాలి. తెగులు, పురుగు తగలని తల్లిచెట్టు నుండి ఉదయం పూట కోయవలెను.

కోత: కింది కోతను కణుపుకు సరిగా దిగువన, పదునైన కత్తితో ఏటవాలుగా కోయవలెను. వేళ్ళు ఎక్కువగా కణుపు వద్దనే పుడతాయి. పై కోతను కణుపుకు అరంగుళం ఎగువన అడ్డంగా కోయండి. రెండు కోతలు వేరుగా ఉంటే ఏది తల, ఏది మొదలు అన్న సందేహం రాదు. తలకిందులుగా నాటిన కొమ్మ నాటనట్టే.

ఆకులు: కింది రెండు కణుపుల ఆకులు పూర్తిగా తీసివేయండి. పైన రెండాకులు మాత్రం ఉంచి, వాటిని కూడా సగానికి కత్తిరించండి. వేరు లేని కొమ్మ పెద్ద ఆకులకు నీరు అందించలేదు.

పూత: కాండంతో నాటే మొక్కలకు గోమయం పూయమని వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పాడు. మా గురువుగారు పలుచని ఆవుపేడ నీటిలో కోసిన మొదలు ఒకసారి ముంచి, కాసేపు నీడన ఆరనిచ్చి నాటేవారు. నేనూ అదే చేస్తున్నాను. నర్సరీలలో అమ్మే వేరుపొడి ఈ మొక్కకు అవసరం లేదు. అది సులభంగా వేరూనే జాతి.

మన్ను: ఒక పాలు మన్ను, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. ఇంటి మన్ను రేగడి అయితే ఇసుక రెండు పాళ్ళు వేయండి. పచ్చి పేడ, రసాయనిక ఎరువు కలపవద్దు. కుండీ అయినా, పాలిథిన్ సంచి అయినా అడుగున రంధ్రాలుండాలి. రంధ్రాలపై పెంకు ముక్కలు పరచి మిశ్రమం నింపవలెను.

నాటుట: ముందుగా పుల్లతో గుంట చేసి, రెండు కణుపులు మన్నులో మునిగేటట్లు కొమ్మను దింపి, చుట్టూ వేళ్ళతో అదమండి. కొమ్మతోనే పొడిచి నాటితే కోసిన చోట తోలు లేచిపోతుంది. ఒక్కటి నాటి ఊరుకోక నాలుగైదు నాటండి. అన్నీ బ్రతికితే ఇరుగుపొరుగులకు ఇవ్వవచ్చు.

నీడ, నీరు: కొబ్బరి మట్టల నీడలోనో, వరండాలోనో ఉంచండి. నీరు పోసే ముందు చూపుడువేలు రెండు కణుపుల లోతున మన్నులో దింపి చూడండి. చల్లగా, తడిగా తగిలితే ఆ పూట నీరు వద్దు. పొడిగా ఉంటేనే పోయండి. వాన పడుతున్న రోజులలో కుండీని చూరు కిందికి జరపండి.

ఓపిక: పది పదిహేను రోజులలో చిగురు కనిపిస్తుంది. వేళ్ళు రావడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. మధ్యలో పెరికి చూడవద్దు, పుట్టిన సన్నని వేళ్ళు తెగిపోతాయి. రెండో జత ఆకులు వచ్చి, అవి వాడకుండా నిలిస్తే వేరు పట్టినట్లు. రెండు నెలలు నిండిన తరువాత క్రమంగా ఎండకు అలవాటు చేసి నేలలోకి గాని, పెద్ద కుండీలోకి గాని మార్చవలెను.

నేలలో నాటేటప్పుడు మా డెల్టా వారు నేల మట్టానికి కాక, జానెడు ఎత్తు కట్ట పోసి దానిపై నాటండి. గోడకు మూడు నాలుగు అడుగుల దూరం ఉంచండి. మేడ మీద ఉండేవారికి పదిహేను అంగుళాల కుండీ చాలు. ఏటా పూత అయిన తరువాత మూడోవంతు కత్తిరిస్తే గుబురుగా ఉంటుంది. మొదటి ఏడాది ఆకు కోయకండి. తరువాత ముదురాకులు మాత్రమే, ఒక్కొక్క కొమ్మకు రెండు మూడుగా కోసుకోండి.

తల్లిచెట్టు దగ్గరలోనే ఉంటే నేల అంటు ఇంకా తేలిక. వంగే కొమ్మను నేలకు వంచి, ఒక కణుపు వద్ద కొంచెం తోలు గీకి, మన్ను కప్పి, రాయి పెట్టండి. రెండు మూడు నెలలకు వేరూనిన పిమ్మట తల్లి నుండి కోసి వేరుచేయవచ్చు.

గృహవైద్యంలో వాడుక

అడ్డసరపు పచ్చి ఆకు నూరితే రసం సులభంగా రాదు. అందుకే శాస్త్రం పుటపాక విధిని చెప్పింది. ఇంట్లో సులువుగా ఇలా చేయండి. పది పన్నెండు ముదురాకులు కడిగి, ఇడ్లీ పాత్రలో ఆవిరిపై పది నిమిషాలు ఉడికించి, దంచి, పలుచని గుడ్డలో వేసి పిండవలెను. పెద్దలు రెండు చెంచాలు, అనగా పది మిల్లీలీటర్ల రసం, చెంచాడు తేనెతో ఉదయం, సాయంకాలం భోజనానంతరం సేవించవలెను. మూడు నుండి ఐదు రోజులు చాలు. ఏ పూట రసం ఆ పూటే తీసుకోవాలి, నిలువ ఉంచరాదు. మధుమేహం కలవారు తేనె మాని వట్టి రసం పుచ్చుకోవచ్చు. పిల్లలకు మాత్రం వైద్యుడు వయస్సు, బలము చూసి మాత్ర నిర్ణయించాలి. ఏడాది నిండని శిశువుకు తేనె ఎట్టి పరిస్థితిలోనూ నాకించరాదు.

హద్దు తెలియవలెను

గర్భిణీ స్త్రీలు అడ్డసరం ఏ రూపంలోనూ సేవించరాదు. ఇందులోని వాసిసిన్ గర్భాశయాన్ని సంకోచింపజేస్తుందని ప్రయోగశాలలలో నిరూపితమైనది. ఇంట్లో గర్భిణి ఉన్నప్పుడు, "ఆకు మందే కదా, ఏమవుతుంది" అనుకోవద్దు. ఆకు మందు కూడా మందే.

రెండవ హద్దును నేను నా తప్పు వల్ల నేర్చుకున్నాను. వైద్యం ప్రారంభించిన తొలి సంవత్సరాలలో ఒక రైతు దగ్గుతో వచ్చాడు. అప్పటికే నెల నుండి దగ్గు, సాయంకాలం కొద్దిగా జ్వరం, బరువు తగ్గడం. లక్షణాలు నాకు తెలియనివి కావు. కాని గురుకులంలో వాసను గురించి విన్న ప్రశంస నా తలలో నిండి ఉన్నది. అడ్డసరంతో తగ్గని కాస ఉంటుందా అనుకున్నాను. నలభై రోజులు రసం, అవలేహ్యం ఇచ్చాను. శ్లేష్మం సులువుగా పడుతున్నదని అతడు సంతోషించాడు, నేనూ సంతోషించాను. ఒకనాడు కళ్ళెలో రక్తం కనిపించింది. తెనాలి పంపి కళ్ళె పరీక్ష చేయిస్తే క్షయ అని తేలింది. దీర్ఘకాలం మందులు వాడి అతడు కోలుకున్నాడు. అయితే కొన్ని నెలల తరువాత అతని భార్యకు కూడా అదే వ్యాధి బయటపడింది. నేను తొలి రోజుననే పరీక్షకు పంపి ఉంటే ఆమెకు సోకకుండా ఉండేదేమో. ఆ దంపతులు నన్ను ఒక్క మాట అనలేదు. అందువల్లనే నేను మరువలేదు.

అడ్డసరం కఫాన్ని కరిగిస్తుంది, క్షయ క్రిమిని చంపే మందుకు ప్రత్యామ్నాయం కాదు. దగ్గు రెండు వారాలు దాటినా, కళ్ళెలో రక్తపు జీర కనిపించినా, సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నా ఇంటి వైద్యం ఆపి కళ్ళె పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ పరీక్ష, మందులు ఉచితం. సామాన్యంగా ఆరు నెలలు క్రమం తప్పక వాడితే క్షయ నయమవుతుంది. ఎగశ్వాస, ఛాతీ నొప్పి, పెదవులు నీలివర్ణం కావడం, పిల్లలు ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకలు లోనికి పోవడం – ఇవి కనిపిస్తే రోజులు కాదు, గంటలు కూడా ఆగవద్దు.

సందేహములు – సమాధానములు

విత్తనంతో పెంచవచ్చునా? పెంచవచ్చు గాని కాయలు అరుదుగా పడతాయి, కాలం ఎక్కువ పడుతుంది. గృహస్థులకు కొమ్మే మేలు. పైగా మంచి చెట్టు కొమ్మ నాటితే ఆ చెట్టే వస్తుంది.

నీటి సీసాలో కొమ్మ పెడితే వేరు వస్తుందా? కొన్నిటికి వస్తుంది. ఆ వేళ్ళు పెళుసుగా ఉండి మన్నులోకి మార్చినప్పుడు తెగిపోతాయి. ఇసుక మిశ్రమమే నమ్మకమైనది.

నర్సరీలో కొనవచ్చునా? నిరభ్యంతరంగా. పైన చెప్పిన గుర్తులు చూసి కొనండి. పువ్వు చూసేవరకు మాత్రం లోనికి సేవించకండి.

పశువులు తినివేస్తాయా? మేక కూడా ముట్టదు. అందుకే మన పెద్దలు దీనిని కంచెగా వేశారు.

కిందటి ఏడాది కొమ్మలు తీసుకొని వెళ్ళిన ఇల్లాలు మొన్న తొలకరికి మళ్ళీ వచ్చింది. మూడింటిలో రెండు బ్రతికాయట. చలికాలంలో ఒకటి పూసిందట. "సింహం నోరు చూశానండీ" అని నవ్వుతూ చెప్పింది. పక్కింటివారు కొమ్మ అడిగితే కోసి, మీరు చెప్పినట్లే కట్ట పోసి నాటమన్నానన్నది. "గర్భిణి సంగతి, రెండు వారాల సంగతి చెప్పావా అమ్మా?" అని అడిగాను. "అవి చెప్పిన తరువాతనే కొమ్మ చేతికిచ్చానండీ" అన్నది. పాఠకులు కూడా అలాగే చేయవలెనని నా మనవి. ఈ ఆషాఢంలో తెలిసినవారి ఇంటి నుండి నాలుగు కొమ్మలు తెచ్చి నాటండి. వచ్చే ఏటికి మీ ఇంటి నుండి మరో నాలుగిళ్ళకు కొమ్మ వెళ్ళాలి, దానితో పాటు దాని హద్దు కూడా వెళ్ళాలి.